జల్లెడ రేకు, సీపీయూ డబ్బా

ఈసారి మన ఇంటి కతల్లో పెళ్లి లేదు, దేవర లేదు, పెట్టెలో దొరికిన పాత ఫోటో కూడా లేదు. ఒక కంప్యూటర్ డబ్బా ఉంది. పోయిన ఎండాకాలం సెలవులకి తిరుమణి పోయినప్పుడు, తమ్ముడి కంప్యూటర్‌కి నాయన, తమ్ముడు, నా కొడుకు ముగ్గురూ కలిసి చేతి పనిముట్లతోనే గాలి దారులు కోసి, జాలీలు బిగించినారు. ఎట్ల చేసినారో కొలతలతో సహా రాసి పెడుతున్నాను. దుబాయిలో ఉండే చిన్నాయన పిల్లలకీ, హోసూరు అత్తవాళ్లకీ, ఎండ ఎక్కువగా ఉండే చోట కంప్యూటర్ పెట్టుకున్న ఎవరికైనా పనికొస్తుంది.

తిరుమణి చూడని పిల్లలకి రెండు మాటలు. కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. మ్యాపు తీసి చూస్తే పావగడకి మూడు పక్కలా ఆంధ్రానే. ఈ పక్క మడకశిర, ఆ పక్క పెనుకొండ, పైన కల్యాణదుర్గం. 1956లో భాషల లెక్కన గీతలు గీసినప్పుడు కూడా పావగడ మైసూరు వైపే ఉండిపోయింది. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. మన ముత్తాత మడకశిర పక్క నుంచి వచ్చి ఇక్కడ నేల కొన్నప్పటి నుంచి మన ఇంట్లో ఇదే వరస.

వానలు తక్కువ, ఎండ ఎక్కువ. ఆ ఎండనే చూసి ఇక్కడ సోలార్ పార్కు పెట్టినారు. తిరుమణి, బళసముద్ర, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ అయిదు ఊళ్ల నేల, దాదాపు 13,000 ఎకరాలు. 2018 మార్చిలో మొదటి దశ మొదలైంది, మొత్తం కలిపి 2,050 మెగావాట్లు. నేల కొనలేదు, బాడుగకి తీసుకున్నారు. ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకొకసారి వందకి 5 పెంపు. మన నాలుగెకరాలు కూడా దాంట్లోనే ఉన్నాయి. వాన పడినా పడకపోయినా చేతికి వచ్చే డబ్బు, మన సీమలో అది చిన్న సంగతి కాదు. నాయన ఆ నిర్ణయాన్ని ఏనాడూ తప్పు పట్టలేదు. కాకపోతే యాభై ఏండ్లు తెల్లారకముందే లేచిన మనిషికి, లేచినాక పోవడానికి చేను లేదు. గుంటక, నాగలి ఎవరో తీసుకుపోయినారు. పనిముట్ల పెట్టె మాత్రం మంచం కింద ఉంది. "పాత ఇనుమాయనకి వేసేద్దాంలే" అని రెండు మూడు సార్లు అన్నాడని అమ్మ చెప్పింది.

తమ్ముడి సంగతి మీకు తెలుసు. బెంగళూరులో ఉద్యోగం వదిలి మూడేండ్ల ముందు ఊరికి వచ్చినాడు. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. పావగడ, రొద్దం, మడకశిర చుట్టుపక్కల ఫోటోలవాళ్లు తీసిన దాన్ని ఇతనికి పంపిస్తారు. ముహూర్తాలు ఎక్కువ ఉండేది ఎండాకాలంలోనే, కంప్యూటర్ మొండికేసేదీ అప్పుడే. మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలు. గంట నిడివి వీడియో రెండరింగ్‌కి పెడితే, సగంలో వేగం పడిపోయేది. ఇంకా కాసేపటికి ఠక్కుమని ఆరిపోయేది. మళ్లీ మొదటి నుంచి. అందుకని రాత్రి రెండింటికి లేచి తెల్లారిందాకా పని చేసేవాడు. ఇట్లయితే చెప్పిన తేదీకి ఇవ్వడం ఎట్ల? "ఇంకొక ఎండాకాలం చూస్తానక్కా, లేకుంటే మళ్లీ బెంగళూరే" అన్నాడు నాతో. ఆ మాట అమ్మానాయనలకి చెప్పలేదు. వాళ్లకి తెలియదనీ నేను అనుకోను.

వేడి లెక్క కష్టమైనదేమీ కాదు. కంప్యూటర్ లోపలి చిప్పు ఎంత వేడెక్కుతుందంటే, గది వేడి మీద ఇంత అని లెక్క. చల్లని గదిలో 25 మీద 60 చేరితే 85. అదే మన గదిలో 38 మీద 60 చేరితే 98. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అదీ చాలకపోతే ఆగిపోతాయి. అది పాడవడం కాదు, పాడు కాకుండా కాపాడుకోవడం. గది వేడిని మనం తగ్గించలేం, ఏసీ పెట్టే స్తోమత లేదు. తగ్గించగలిగింది ఆ 60నే. అది డబ్బాలోకి గాలి ఎంత బాగా పోయి వస్తుంది అనేదాని మీద ఉంటుంది.

తప్పు డబ్బాదేనా అని తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పక్క రేకు ఊడదీసి, అదే పని చేయించి చూడడం. తమ్ముడు చూసినాడు. మూసి ఉన్నప్పుడు 100 తాకేది, తెరిచి పెడితే 84 దగ్గర నిలిచింది. అంటే లోపలి ఫ్యాను బాగుంది, గాలే అందడం లేదు. అట్లని తెరిచి పెట్టుకోలేం. దుమ్ము ఒక పక్క, బల్లులు ఒక పక్క. ముందు వైపు ప్లాస్టిక్ ముఖం నున్నగా, అందంగా, మూతి మూసుకుని ఉంది. దాని వెనక ఇనప రేకులో చిన్న చిన్న బెజ్జాలు. 3 మిల్లీమీటర్ల బెజ్జం, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య నుంచి మధ్యకి 6 మిల్లీమీటర్లు. లెక్క కడితే ఆ రేకులో గాలికి తెరుపు వందలో 23 పాళ్లు కూడా లేదు. మిగతాదంతా గోడే.

టౌనులో ఒకాయన కొత్త క్యాబినెట్ కొనమన్నాడు, ముందర అంతా జాలీ ఉండేవి నాలుగైదు వేలకి వస్తాయని. అది మంచి సలహానే. నేనూ కొందామనే అన్నాను. ఆ మాట జరుగుతూ ఉండగానే నాయన వచ్చి డబ్బా ముందర గొంతుక్కూర్చున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఒకటే అడిగినాడు.

"దీంట్లో గాలి యాడి నుంచి యాడికి పోతాది?"

ఈ ప్రశ్న తమ్ముడికి కొత్త. నాయనకి కాదు. కళ్లంలో శెనక్కాయలు, కందులు తూర్పారబట్టినవాడు. గాలి ఏ పక్క నుంచి వస్తుందో చూడకుండా చేట ఎత్తితే పొట్టు ముఖాన పడుతుంది. తమ్ముడు చెప్పినాడు: ముందర కింద నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక పైన నుంచి వేడిగాలి పోవాలి. "మరి వచ్చే దారి మూసి, పోయే దారి ఒకటే పెట్టినారు గదరా. ముక్కు మూసి నోటితో ఊదమంటే యాడ ఊదుతాది?" అన్నాడు నాయన. వెనక ఒక ఫ్యాను బయటికి లాగుతోంది, ముందర దారి లేదు కాబట్టి గాలి సందుగొందుల్లోంచి దూరుతోంది, దుమ్ముతో సహా. లోపల దుమ్ము ఎందుకు అంత పేరుకుంటుందో అప్పుడు అర్థమైంది.

అక్కడే తీర్మానం అయిపోయింది. ముందర రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి ఊదేటట్టు, వెనక ఒకటి బయటికి. వచ్చే గాలి ఎక్కువ, పోయే గాలి తక్కువ. అప్పుడు డబ్బా లోపల గాలి కొంచెం బిగువుగా ఉంటుంది. సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. వచ్చే దారిలో మాత్రం వల కడితే చాలు.

జాలీకి ఏం వాడదాం అన్నప్పుడు నాయన అటక మీది నుంచి రేకు జల్లెడ దించినాడు. విత్తనాల కాలంలో శెనక్కాయ గింజలు జల్లించేది. సన్నవి, చచ్చు గింజలు కింద పడిపోయి, గట్టివి పైన మిగిలేవి, అవే విత్తనానికి. జింకు పూత రేకు, 6 మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జాలు, మధ్య నుంచి మధ్యకి 8, వరస తప్పించి వరస. నా కొడుకు చేత లెక్క కట్టించినాను. తెరుపు వందలో 51 పాళ్లు! కంపెనీ రేకు కంటే రెండింతలు మించి. మధ్య మధ్యలో కొన్ని బెజ్జాలు అరిగి పెద్దవైనాయి. ఎన్ని ఏండ్ల గింజలు రాలి అరిగినాయో.

పనికి ముందు జాగ్రత్తలు. లోపలి బోర్డులు, తీగలు, డిస్కులు అన్నీ ఊడదీసి వేరే గదిలో బట్ట కప్పి పెట్టాలి. ఇనప రజను ఒక్క పోగు బోర్డు మీద పడినా చాలు, షార్టు అయిపోతుంది. కరెంటు ఇచ్చే పెట్టె ఉంటుంది చూడండి, పవర్ సప్లై, దాన్ని మాత్రం అస్సలు తెరవకూడదు. తీగ పీకేసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి. కండ్లకి అద్దాలు, చేతులకి గ్లవ్‌లు ఉండాలి. రేకు కోసిన అంచు బ్లేడు కంటే పాడుది.

కొలతలు: 120 ఫ్యానుకి మూలల్లో ఉండే నాలుగు స్క్రూ బెజ్జాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు. అన్ని కంపెనీలదీ అదే. 140 ఫ్యాను అయితే 124.5, పాత 80 ఫ్యాను అయితే 71.5. మొదట రేకు మీద కాగితం టేపు అతికించి, దాని మీద గీసుకోవాలి. రంగు గీసుకుపోదు, గీత బాగా కనబడుతుంది. గుండ్రం అడ్డంగా 115 మిల్లీమీటర్లు ఉండేటట్టు వృత్తలేఖినితో గీసినాం. గీత గీసే పని నాది.

కరెంటు కట్టర్ బాడుగకి తెద్దామన్నాడు తమ్ముడు. నాయన వద్దన్నాడు. పలచని రేకు కట్టర్‌తో అదురుతుంది, వంకర పోతుంది, నిప్పు రవ్వలు రంగుని కాలుస్తాయి. ఆయన పద్ధతి ఇది. గీతకి రెండున్నర మిల్లీమీటర్లు లోపలగా చుట్టూరా బెజ్జాలు. ముందు మొనతో ఒక్కో చుక్క కొట్టుకుని, చేత్తో తిప్పే బరమాతో 3 మిల్లీమీటర్ల బెజ్జం. చుక్కకీ చుక్కకీ నాలుగున్నర మిల్లీమీటర్లు. అప్పుడప్పుడు కుట్టుమిషను నూనె ఒక చుక్క. ఒక గుండ్రానికి 78 బెజ్జాలు పడినాయి, మా వాడు లెక్కపెట్టినాడు. రెండు గుండ్రాలకి 156. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయింది. వాడికి మొదటి ఇరవై బెజ్జాలు ఆట, తర్వాత ముప్పై శిక్ష, ఆ తర్వాత చెయ్యి దానంతట అదే తిరగడం మొదలైంది. తాత మాట్లాడకుండా పక్కన కూర్చుని రేకు కదలకుండా అదిమి పట్టుకున్నాడు.

మరుసటి రోజు, రేకు కింద వేప దిమ్మె పెట్టి, బెజ్జాల మధ్య మిగిలిన సన్న కట్లని ఉలితో ఒక్కొక్కటే తెంపినారు. గుండ్రం ఊడి కింద పడినప్పుడు అంచు మొసలి పళ్లలాగా ఉంటుంది. అప్పుడు ఆకురాయి. ఒక పక్క బల్లపరుపు, ఒక పక్క గుండ్రంగా ఉండే ఆకురాయితో గీత దాకా రాయాలి. ముందుకి తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. ఊరికే ఇటూ అటూ రుద్దితే ఆకురాయి పళ్లు చస్తాయి. నాయన ఈ మాట ఒకసారే చెప్పినాడు. మా వాడు మరిచిపోయినప్పుడల్లా చేతి మీద ఒక వేలు పెట్టేవాడు, అంతే.

ముందరి ప్లాస్టిక్ ముఖానికి యాక్సా బ్లేడుతో నిలువుగా పెద్ద కిటికీ కోసి, జల్లెడ రేకుని రేకు కత్తెరతో దాని కొలతకి కత్తిరించి లోపలి నుంచి పెట్టినారు. తమ్ముడు వెల్డింగ్ అంగడికి తీసుకుపోయి చుక్కలు పెట్టిద్దామన్నాడు. జింకు పూత రేకుని కాల్చకూడదు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పైగా ప్లాస్టిక్‌కి వెల్డింగ్ యాడ పట్టేది? నాలుగు మూలల్లో చిన్న బోల్టులే చాలినాయి. కోసిన అంచులకి రెడాక్సైడ్ పూసి, ఆరినాక సైకిలు వాల్వు ట్యూబుని నిలువునా చీల్చి గుండ్రాల అంచు మీద తొడిగినారు. తీగ తెగదు, అదురు శబ్దం రాదు. జల్లెడ రేకుకీ ఫ్యాన్లకీ మధ్య దోమతెర గుడ్డ ఒక పొర. వెనక కూడా కంపెనీ బెజ్జాల రేకు తీసేసి, టౌనులో దొరికే తీగ జాలీ బిగించినారు.

అన్నీ అయినాక పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి డబ్బా మూలమూలా తిప్పినాం. గుడ్డ నల్లగా అయ్యింది. రెండోసారి తిప్పినాం, మూడోసారి తెల్లగా వచ్చినాకనే బోర్డులు లోపలికి పోయినాయి.

పరీక్షకి ఊదొత్తి. కంప్యూటర్ నడుస్తుండగా ముందర పెడితే పొగ నేరుగా జల్లెడలోకి లాగుకుంది, వెనక పై నుంచి వచ్చింది. పక్క రేకు సందు దగ్గర పెడితే పొగ బయటికి నెట్టుకుపోయింది. నాయన అదే రెండు మూడు సార్లు చేయించి చూసినాడు. "ఇప్పుడు పొట్టు ముఖాన పడదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే, గదిలో 38 ఉండగా, గంట సేపు రెండరింగ్ పెట్టినాడు తమ్ముడు. 86 దగ్గర నిలిచింది. తెరిచి పెడితే 84, ఇప్పుడు మూసి పెట్టినా 86. ఆగలేదు. ఆ ఎండాకాలంలో మిగిలిన ముహూర్తాల పనులన్నీ పగలే చేసి ఇచ్చినాడు. దోమతెర గుడ్డని పదిహేను రోజులకొకసారి తీసి కడగాలి, బాగా ఆరినాకనే పెట్టాలి. మన తిరుమణి దుమ్ముకి అంతకంటే ఆగితే మళ్లీ మూతి మూసినట్టే. అక్కడ సోలార్ పలకలకీ ఇదే బాధ. వాటికి వెలుతురు కావాలి గానీ వేడి వద్దు, వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది. దుమ్ము పడితే కడగాలి. మన చేలో నిలబడిన ఆ పలకలూ, మన ఇంట్లోని ఈ డబ్బా ఒకటే ఎండతో కొట్లాడుతున్నాయి.

ఇక మొదట్నుంచీ నా మనసులో ఉన్న మాట. మా వాడు బెంగళూరులో కన్నడ, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు అర్థమవుతుంది, తిరిగి చెప్పేది మాత్రం ఇంగ్లీషులో. మూడు రోజులు తాతతో పని చేసినప్పుడు వాళ్లిద్దరి మధ్యా నడిచింది పనిముట్ల పేర్లే. తాత "ఉలి" అంటే వీడికి బడిలో విన్న "ఉళి" తగిలింది. "సుత్తి" అంటే "సుత్తిగె". ఇవి దగ్గరే. "జల్లెడ"కి "జరడి" అని నేను చెప్పినాను. కానీ "రంపం" అంటే "గరగస" అనీ, "ఆకురాయి" అంటే "అర" అనీ వాడు ఊహించలేకపోయినాడు. "ఆకు ఎందుకు తాతా, రాయి కూడా కాదు కదా?" అని అడిగినాడు. నాయన దగ్గర జవాబు లేదు. "మా నాయన అట్లనే అన్యాడు, నేనూ అట్లనే అంటా, నువ్వు కూడా అను" అన్నాడు. వాడు అన్నాడు. మూడో రోజు "తాతా, ఆకురాయి ఇయ్యి" అని పూర్తి తెలుగులో అడిగినాడు, అడిగినట్టు వాడికే తెలియలేదు.

మనలాగా గీతకి ఇవతల పడిన ఇండ్లలో భాష పద్యాలతోనో, పండగలతోనో నిలుస్తుందని అనుకుంటాం. పండగకి పిల్లలు వస్తారు, తింటారు, పోతారు. చేతిలో వస్తువు ఉండి, అది అందుకోవాల్సిన అవసరం ఉంటేనే పేరు నోటికి వస్తుందని నాకు అనిపించింది. చేను పోయినప్పుడు చేలో మాటలు ఎన్ని పోయినాయో లెక్క లేదు. గొర్రు, గుంటక, మేడి, కాడి, ఇవి వాడికి చూపించడానికి ఇప్పుడు వస్తువులే లేవు. పెట్టెలో ఉన్నవైనా నిలబడితే చాలు. కొత్త డబ్బా కొని ఉంటే కంప్యూటర్ ఇంతే చల్లగా ఉండేది, బహుశా ఇంకా చల్లగా. ఆ మాట కూడా నిజమే.

తమ్ముడు ఈ ఏడు కూడా ఊర్లోనే ఉన్నాడు. వచ్చే ఏడు సంగతి వాడే చెప్పాలి. పనిముట్ల పెట్టె మంచం కింది నుంచి కిటికీ పక్కకి వచ్చింది. పక్కింటాయన తన టీవీ పెట్టె వెనక ఇట్లనే గాలి బెజ్జాలు పెట్టమని అడిగితే నాయన రెండు రోజులు దాని మీదే ఉన్నాడు. డబ్బులు తీసుకోలేదు, మజ్జిగ తాగి వచ్చినాడు.

జల్లెడలో ఇంకొక ముక్క మిగిలింది. కొలిచి చూసినాం, ఒక 120 ఫ్యానుకి సరిగ్గా సరిపోతుంది. మీలో ఎవరికైనా కావాలంటే తీసుకోవచ్చు. పోస్టులో మాత్రం పంపించం. తిరుమణి రావాలి, బరమా మీరే తిప్పుకోవాలి, బెజ్జాలు 78. రేకు పట్టుకోవడానికి నాయన ఉన్నాడు.